కరెంటు బిల్లు తగ్గాలంటే ముందు మీటరు చూడటం నేర్చుకో

అమ్మలూ,

ఈ నెల 236 యూనిట్లు కాలిందనీ, బిల్లు 1400 దాకా వచ్చిందనీ, అల్లుడు ఇంట్లో ఫోన్ చార్జర్లన్నీ పీకి పక్కన పెడుతున్నాడనీ రాశావు. చార్జర్ల జోలికి పోవద్దని చెప్పు. ఫోన్‌కి రోజూ నిండా చార్జింగ్ పెట్టినా నెల మొత్తానికి ఒక యూనిట్టు కూడా కాలదు. ఇన్నేళ్లు ఇళ్లకి వైరింగ్ చేసినవాణ్ణి, చాలా ఇళ్లలో చూశాను, బిల్లు ఎక్కువ రాగానే హాల్లో బల్బు ఆపుతారు, మూలనున్న పాత ఫ్రిజ్ సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాదు.

ముందు బిల్లు లెక్క అర్థం చేసుకో. మన తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్ల ప్రకారం, నెలకి 100 దాటి 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి వందకి యూనిట్టు 3.40, రెండో వందకి 4.80. అంటే సరిగ్గా 200 కాలిస్తే 820 రూపాయలు. 200 దాటావో, మొదటి యూనిట్టు నుంచీ రేటు మారిపోతుంది, ఆ 200కీ 5.10 చొప్పున 1020 పడుతుంది, ఆ పైవాటికి 300 దాకా 7.70. నీ 236కి లెక్క వేస్తే 1297 వస్తుంది, ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు, డ్యూటీ అనే కరెంటు పన్ను దాని మీద వేరే. కాబట్టి ఆ 36 యూనిట్లు తగ్గించగలిగితే నీకు మిగిలేది దగ్గర దగ్గర 480 రూపాయలు, యూనిట్టుకి 13 రూపాయల పైమాటే. ఇల్లంతా చీకటి చేసుకుని కూర్చోవాల్సిన పని లేదు, ఆ 36 ఎక్కడ పోతున్నాయో పట్టుకుంటే చాలు. పక్క పోర్షన్ వాళ్లకి సున్నా బిల్లు వస్తోందన్నావు కదా, అది గృహజ్యోతి అనే ఉచిత కరెంటు పథకం, తెల్లకార్డు ఉన్నవాళ్లకి. వాళ్లు కూడా 200 దాటితే ఆ నెల బిల్లంతా కట్టాల్సిందే. విజయవాడలో మీ అత్తగారి బిల్లుతో మాత్రం పోల్చుకోకు. ఆంధ్రలో 2022లోనే నెల మొత్తం వాడకాన్నిబట్టి మొదటి యూనిట్టు నుంచీ రేటు మార్చే ఈ గ్రూపులు ఎత్తేసి అందరికీ ఒకే స్లాబులు పెట్టారు, అక్కడ ఒక్క యూనిట్టు దాటినంత మాత్రాన ఇంత తేడా రాదు.

యూనిట్టంటే వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడవడం, అంతే. వస్తువు వెనక రాసిన వాట్లని అది నడిచే గంటలతో గుణించి వెయ్యితో భాగించు. మిక్సీ 750 వాట్లు, చప్పుడు కూడా ఎక్కువే, కానీ నడిచేది ఐదు నిమిషాలు. దాని గురించి ఆలోచించకు. నీళ్లు కాచేవి, చల్లబరిచేవి, రోజంతా ఆగకుండా నడిచేవి, ఈ మూడు రకాలే చూడు.

ఇప్పుడు అసలు పని. ఆదివారం తీరిక చూసుకుని మీటరు దగ్గరికి వెళ్లు. దాని మీద చిన్న ఎర్ర లైటు ఒకటి మినుకుమినుకుమంటుంది, పక్కనే 3200 అనో 1600 అనో ఒక అంకె రాసి ఉంటుంది. 3200 అంటే ఆ లైటు అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్టు కాలినట్టు. ఇంట్లో అన్నీ ఆపేయి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసేయి, ఇన్వర్టర్ ఉంటే దాన్నీ మర్చిపోకు, మెయిన్ మాత్రం ఆన్‌లోనే ఉంచు. అల్లుణ్ణి లోపల ఉండమని ఒక్కో వస్తువే వేయమను, నువ్వు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని లైటు పది సార్లు వెలగడానికి ఎన్ని సెకన్లు పడుతోందో చూడు. 11250ని ఆ సెకన్లతో భాగిస్తే వచ్చేదే వాట్లు. 1600 మీటరైతే 22500ని భాగించు. పాత 75 వాట్ల ఫ్యాన్ ఒక్కటే వేస్తే పది వెలుగులకి రెండున్నర నిమిషాలు పడుతుంది, గీజరు వేయమను, ఆరు సెకన్లలోపే అయిపోతుంది. ఎంత తేడా ఉందో కళ్లతో చూశాక అల్లుడికి ఇక నువ్వేమీ చెప్పక్కర్లేదు.

అన్నీ ఆపేశాక కూడా లైటు ఆగి ఆగి వెలుగుతూనే ఉందంటే అప్పుడు ఆలోచించాలి. కొన్ని మీటర్లలో లోడు లేనప్పుడు లైటు ఆరకుండా నిలకడగా వెలుగుతుంది, దానికి కంగారు పడకు. ఆగి ఆగి వెలిగితే మాత్రం ఎక్కడో కరెంటు పోతున్నట్టే. అద్దె ఇళ్లలో మెట్ల దగ్గర లైటు, గేటు లైటు, ఒక్కోచోట నీళ్ల మోటారు కూడా ఏదో ఒక పోర్షన్ మీటరుకి కలిపేసి ఉంటాయి, అది ఇంటి ఓనరుకే తెలియని సందర్భాలూ ఉన్నాయి. అలాంటిదేమైనా ఉంటే ఓనరుతో నిదానంగా మాట్లాడి మార్పించుకో. అదీ కాకపోతే వైరింగ్‌లో లీకేజీ కావచ్చు, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిపించు. మీటరు బాక్సు మీద, దాని సీలు మీద మాత్రం మీరెవరూ చెయ్యి వేయకండి.

నువ్వు రాసినదాన్నిబట్టి నా అనుమానం ఫ్రిజ్ మీదే. ఓనరు వదిలేసి వెళ్లిన పాత డబుల్ డోరు అన్నావు, రాత్రంతా గుర్రుమంటూనే ఉంటోందన్నావు. తలుపుకీ రబ్బరుకీ మధ్య పది రూపాయల నోటు పెట్టి మూసి లాగి చూడు, తేలిగ్గా జారి వచ్చేస్తే ఆ రబ్బరు అయిపోయినట్టు. తలుపు నాలుగు వైపులా అలా చూడాలి, కింది మూల మర్చిపోకు. అలాంటి ఫ్రిజ్‌లో కంప్రెసరు ఆగదు, 150 వాట్ల చొప్పున 20 గంటలు నడిస్తే రోజుకి మూడు యూనిట్లు, నెలకి 90. రబ్బరు కొత్తది వేయిస్తే అయ్యే ఖర్చు కొద్దిగానే, ముందు అది చేయించు. గోడకి ఆనించి ఉంటే ఇవతలికి జరుపు, వెనక గాలి ఆడాలి. అయినా ఆగకపోతే ఓనరు ఫ్రిజ్ ఓనరుకి అప్పగించి మీరొకటి కొనుక్కోండి, ఇద్దరికి చిన్న సింగిల్ డోరు చాలు, మంచి స్టార్లున్నదైతే ఏడాదికి 200 యూనిట్ల లోపే అవుతుంది. కొనేటప్పుడు స్టార్లు లెక్కపెట్టి ఊరుకోకు, ఆ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో అంకె వేసి ఉంటుంది, అది చూడు, లేబుల్ ఏ సంవత్సరాలకి వర్తిస్తుందో అదీ చూడు. ఎప్పటికప్పుడు లెక్కలు కఠినం చేస్తారు కాబట్టి పాత ఐదు స్టార్లూ కొత్త ఐదు స్టార్లూ ఒకటి కావు.

గీజరు సంగతి. బకెట్టు వేడినీళ్లకి దగ్గర దగ్గర అర యూనిట్టు పడుతుంది, దాన్ని తప్పించలేం. తప్పించగలిగింది ఏమిటంటే పొద్దున ఆరింటికి వేసి తొమ్మిదింటికి ఆపడం. 15 లీటర్ల గీజరు 20 నిమిషాల్లో కాగిపోతుంది, ఇద్దరూ వెంటవెంటనే స్నానాలు కానిచ్చి స్విచ్ ఆపేయండి, వేడి 50 దగ్గర పెట్టుకోండి. గీజరు బదులు హీటర్ రాడ్ వాడితే కరెంటు కలిసొస్తుందని ఎవరైనా చెప్తే వినకు, అన్ని నీళ్లు కాగడానికి అంత కరెంటూ కావాల్సిందే, పైగా ప్రమాదం. ఇంట్లో రాడ్ ఉంటే తీసి పారేయండి, ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకండి.

ఫ్యాన్లు ఎండాకాలం రోజుకి 15 గంటలు తిరుగుతాయి. పాతది రోజుకి యూనిట్టుకి పైగా కాలిస్తే, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో అర యూనిట్టు లోపే కాలుస్తుంది. ఒక్కో ఫ్యాన్‌కి నెలకి 20 యూనిట్లు మిగులుతాయి. అద్దె ఇల్లే అయినా కొనుక్కో, వెళ్లేటప్పుడు విప్పి తీసుకెళ్లొచ్చు. ఎక్కువ తిరిగేది ముందు మార్చు, చుట్టాల గదిలోది తర్వాత చూడొచ్చు. ట్యూబులైట్లు ఇంకా పాత చోక్‌వి ఉంటే ఎల్ఈడీ వేయించు. టీవీ ఆపినా దాని కింద సెట్‌టాప్ బాక్సు నడుస్తూనే ఉంటుంది, నెలకి ఎనిమిది పది యూనిట్లు అక్కడే పోతాయి, గోడ స్విచ్ దగ్గరే ఆపండి.

ఏసీ ఇంకా కొనలేదు కాబట్టి రెండు మాటలే. కొంటే లేబుల్‌లో 1600 గంటలకి రాసిన యూనిట్లు చూడు. 26, 27లో పెట్టి పైన ఫ్యాన్ తిప్పుకోండి, ఫిల్టరు పదిహేను రోజులకోసారి కడగండి. డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కలిసొస్తుందని కేంద్ర విద్యుత్ శాఖే చెప్పింది.

ప్లగ్గులో పెడితే బిల్లు సగమవుతుందంటూ అమ్మే పవర్ సేవర్ డబ్బాలు కొనొద్దు. లోపల ఉండేది చిన్న కెపాసిటర్, మన ఇంటి మీటరు కొలిచేదాన్ని అది తగ్గించలేదు.

రీడింగ్ తీసిన రోజు అంకె క్యాలెండర్ మీద రాసుకుని, పదిహేను రోజులకి మళ్లీ చూడు. వంద దాటి ఉంటే సర్దుకోవడానికి ఇంకా సగం నెల ఉంటుంది. బిల్లు మీద రోజులెన్నో కూడా చూసుకో, 28 రోజుల బిల్లునీ 33 రోజుల బిల్లునీ పక్కపక్కన పెట్టి కాలింది తగ్గిందో పెరిగిందో చెప్పలేం, యూనిట్లని రోజులతో భాగించి పోల్చు. ఫ్రిజ్ ఒక్కటే వేసినప్పుడు పది వెలుగులకి ఎన్ని సెకన్లు పట్టిందో, గంటలో ఎన్ని నిమిషాలు నడిచి ఎన్ని నిమిషాలు ఆగిందో రాసి పంపు, రబ్బరు మారిస్తే సరిపోతుందా లేదా అన్నది అది చూసి చెప్తాను.

మీ పెదనాన్న