రాజసారస్‌ను మృగం అనవచ్చా?

సందేహం: రాజసారస్ అనే డైనోసార్ మీద మా పాప ప్రాజెక్టు కోసం 'రాజసారస్ బల్లి జాతికి చెందిన క్రూరమృగం. పెద్ద డైనోసార్లను చంపి తినేది' అని రాశాం. రెండు కాళ్ల మీద నడిచేదాన్ని మృగం అనవచ్చా? డైనోసార్‌కు బదులు రాక్షసబల్లి అని రాయాలా?

సమాధానం: మృగం అనండి, తప్పు లేదు. ఆ మాటలో కాళ్ల లెక్క లేదు. అమరకోశం మృగ శబ్దానికి లేడి అనీ, పశువు అనీ అర్థాలు చెప్పింది. 'క్రూర' మాత్రం తీసేయండి. ఆకలికి వేటాడే జంతువుకు అది నింద అవుతుంది.

రాక్షసబల్లి, డైనోసార్ రెండూ వాడుకలో స్థిరపడినవే. ఆంగ్లేయ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ 1842లో గ్రీకు మాటలతో కూర్చిన డైనోసార్ అన్న పేరుకు భయంకరమైన బల్లి అని అర్థం. దాన్ని మనవాళ్లు చక్కగా తెలుగు చేసుకున్నారు. రాక్షసిబొగ్గులో రాక్షసిని వెతకం కదా, ఇక్కడ బల్లినీ వెతకకూడదు. అందుకే 'బల్లి జాతికి చెందిన' అన్న మాట నిలవదు. బల్లి కాళ్లు పక్కలకు చాచుకుని ఉంటాయి, రాజసారస్ కాళ్లు ఒంటి కింద నిటారుగా ఉండేవి. పక్షులు పుట్టింది ఈ మాంసాహార డైనోసార్ల శాఖలోనే కాబట్టి, వంశం చూస్తే కోడే దానికి దగ్గరి చుట్టం.

మీరు అడగని సంగతి ఒకటి ఉంది, నాకు అదే ముఖ్యం. 'చంపి తినేది' అని ఖాయంగా రాశారు. గుజరాత్‌లోని రహియోలి దగ్గర 1980లలో దొరికిన ఎముకలను బట్టి 2003లో ఈ జంతువుకు పేరు పెట్టారు. ఆరేడు మీటర్ల పొడవు, నెత్తిన పొట్టి కొమ్ము, బలమైన వెనుక కాళ్లు ఉండేవని ఎముకలే చెబుతున్నాయి. అక్కడ 'ఉండేవి' అనండి. దేన్ని ఎలా వేటాడిందో ఎముకలు చెప్పవు. అదే కాలంలో నర్మదా ప్రాంతంలో పొడవాటి మెడల శాకాహార డైనోసార్లు తిరిగేవి కనుక, వాటిని 'వేటాడి ఉండవచ్చు' అనాలి. దాని బంధువైన మడగాస్కర్ మజుంగసారస్ విషయం వేరు. సొంత జాతి ఎముకల మీదే దాని పంటి గాట్లు దొరికాయి. అక్కడ 'తినేది' అని ధైర్యంగా రాయవచ్చు. ఆధారానికీ ఊహకూ మధ్య ఉన్న ఈ తేడాను తెలుగు క్రియ ఎంతో సులువుగా చూపగలదు. పిల్లల పుస్తకాల్లోనే దాన్ని చెరిపేస్తున్నారు, అది నాకు బాధ.

మీ వాక్యాలను ఇలా మార్చండి: 'రాజసారస్ సుమారు 6.7 కోట్ల సంవత్సరాల క్రితం, నేటి గుజరాత్ ప్రాంతంలో జీవించిన మాంసాహార డైనోసార్. పొడవాటి మెడల డైనోసార్లను వేటాడి ఉండవచ్చు.'