చివరి 'స్' ఎక్కడ పోయింది?

ప్రియమైన తమ్ముడూ,

నువ్వు చేసిన స్పానిష్ కథ అనువాదం చదివాను. తెలుగు హాయిగా సాగింది. కానీ మూడో పేజీలో పనిమనిషి యజమానురాలితో "ఏడవకు" అంటోందేమిటి? మూలం తీసి చూశాను: "నో యోరె, సెన్యోర." చివర 'స్' ఉండి "నో యోరెస్" అయితే "ఏడవకు". లేదు కాబట్టి "ఏడవకండమ్మా".

నా మొదటి అనువాదంలో కోడలు మామగారిని "తినకు" అంది. "ఈ పిల్లకు ఇంత ధైర్యం ఎక్కడిదండీ?" అని ఒక పాఠకుడు కార్డు రాశాడు. మళ్లీ ఆ తప్పు చేయలేదులే.

'ఆబ్లార్' అంటే మాట్లాడటం, 'ఆబ్లా' అంటే మాట్లాడు. ముందు 'నో' పెడితే "మాట్లాడకు" అయిపోదు. చివరి అచ్చు కూడా మారాలి: నో ఆబ్లెస్. 'ఆర్'తో ముగిసే క్రియలకు 'ఎ' వస్తుంది. 'ఏర్', 'ఈర్' క్రియలకు 'అ': కోమె (తిను), నో కోమస్ (తినకు); ఎస్క్రీబె (రాయి), నో ఎస్క్రీబస్ (రాయకు). ఈ రూపాలు సబ్‌జంక్టివ్ (కోరిక, సందేహం లాంటివి చెప్పే క్రియారూపం) నుంచి అరువు తెచ్చుకున్నవి. మనకిదేం వింత కాదు, "చెప్పు"ను "చెప్పకు" చేసేటప్పుడు మనమూ క్రియనే మారుస్తాం.

'తోకార్'కు (తాకడం) "నో తోకెస్" అంటారు. 'క' శబ్దం నిలవాలని స్పెల్లింగులో సి పోయి క్యూ, యు వస్తాయి. ఇది తెలియక డిక్షనరీ ముందు నేనొక సాయంత్రమంతా కూర్చున్నాను. "దాన్ని కొను" అంటే 'కోంప్రలో'. వద్దంటే ఆ 'లో' ముందుకొస్తుంది: నో లో కోంప్రెస్.

'స్' లేని 'నో యోరె' ఉస్తెద్ రూపం; 'ఉస్తెద్' అంటే మర్యాదగా పిలిచే "మీరు". అలాగని అది కనబడగానే "మీరు" పెట్టేయకు. కొలంబియాలో, ముఖ్యంగా బొగోతాలో, మొగుడూ పెళ్లాలూ స్నేహితులూ కూడా ఉస్తెద్ అనుకుంటారు. అక్కడ 'నో యోరె' మన "ఏడవకే" కావచ్చు. బహువచనం ఇంకో పేచీ. స్పెయిన్‌లో చనువున్నవాళ్లతో 'నో ఆబ్లేయిస్', మిగతావాళ్లతో 'నో ఆబ్లెన్'. లాటిన్ అమెరికాలో పెద్దలకైనా పిల్లలకైనా 'నో ఆబ్లెన్' ఒక్కటే. క్లాసులో టీచరు అంటే "మాట్లాడకండర్రా" అని రాసుకో.

ఏడో పేజీలో పార్కు బోర్డు కూడా చూడు. 'నో పిసార్ ఎల్ సెస్పెద్'ను "గడ్డి తొక్కకు" చేశావు. బోర్డు ఎవరినీ నువ్వు అనదయ్యా, అందుకే అక్కడ క్రియ మారకుండా అలాగే ఉంది. "గడ్డిపై నడవరాదు" అని మార్చు.

కథ ఏ దేశంలో జరుగుతోందో రాయనేలేదు. ఐదో పేజీలో భార్య కూడా భర్తతో "నో యోరె" అంటోంది. వాళ్లది ఏ ఊరో తెలిస్తే అది "ఏడవకు" చేయాలా, "ఏడవకండి" చేయాలా చూద్దాం.

మీ అన్నయ్య