టమాట వేయబోతున్న మేనకోడలికి

చిరంజీవి బిడ్డకు మామ ఆశీస్సులు.

దేవరకొండ దగ్గరి మన చెల్కలో టమాట, బెండ వేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే గర్వంగా అనిపించింది. ఆ వెంటనే గుబులూ మొదలైంది. నారుమడిని 15 సెంటీమీటర్ల ఎత్తు చేయడం, కిలో విత్తనానికి 3 గ్రాముల థైరమ్ అనే బూజు తెగుళ్ల మందు పట్టించడం, మడిపై నైలాన్ వల కప్పడం నీకు తెలిసినవే.

నా భయమంతా బాక్టీరియా వల్ల వచ్చే వడలు తెగులు గురించి. ఒక ఏడు మీ తాత టమాట తోటలో పూత మీదున్న మొక్కలు, ఆకులు పచ్చగా ఉండగానే, మధ్యాహ్నానికి వాలిపోయి సాయంత్రానికి మళ్లీ లేవసాగాయి. ఎండకు దప్పికైందనుకొని ఆయన బోరు వదిలి సాలు సాలుకూ నీళ్లు నింపాడు. నిజానికి ఆ బాక్టీరియా మట్టిలో ఉండి, వేరు గాయాల గుండా మొక్కలో చేరి నీరెక్కే నాళాలను పూడ్చేస్తుంది, పారే నీటితో పక్క మొక్కకు పోతుంది. దుకాణంలో ఇచ్చిన మందులన్నీ కొట్టాడు గానీ, సోకిన మొక్కను బతికించే మందే దీనికి లేదు. మరుసటి ఏడాది అక్కడే మిరప పెట్టాడు. టమాట, మిరప, వంకాయ, ఆలుగడ్డ ఒకే కుటుంబపు పంటలని, ఒకదాని రోగం మరొకదానికి వస్తుందని చెప్పినవారు లేక అదీ పోయింది. ఆ అప్పుకే ఎడ్లను అంగట్లో అమ్మాడు. ఎంత ఓర్పు గల మనిషో నీకు తెలుసు. లోపం ఆయన కష్టంలో లేదు.

కాబట్టి మొక్క వాలితే నీళ్లు వదలకు. కాండాన్ని నేలకు దగ్గరగా కోసి, కోసిన కొనను గాజుగ్లాసులోని తేట నీటిలో కదలకుండా వేలాడదీయి. కొద్ది నిమిషాల్లో పాల వంటి తెల్లని ధార కిందికి జారితే అది బాక్టీరియానే. అలా జారకుండా, కింది ఆకులు ముందు పసుపెక్కి, చీల్చిన కాండంలో గోధుమ రంగు చారలుంటే అది ఫ్యుజేరియం అనే శిలీంద్రం వల్ల వచ్చే ఎండు తెగులు. ధార కనిపిస్తే మొక్కను వేరుమట్టితో సహా తీసి చేను బయట కాల్చు, ఆ సాలుకు నీళ్లు ఆపు, తర్వాత రెండు మూడేళ్లు జొన్న గానీ మక్కలు గానీ వేయి.

టమాటలో ఆకుముడత, బెండలో పల్లాకు వైరస్ తెగుళ్లు. రెండింటినీ తెల్లదోమే మోస్తుంది. సోకిన మొక్కను పీకడానికి మనసొప్పదు, అయినా పీకు. ఆ దోమను అడ్డుకోవడానికి గట్ల వెంట జొన్న సాళ్లు, దాన్ని పట్టడానికి తోటలో పసుపు జిగురు అట్టలు పెట్టు. టమాట కింది ఆకులపై వలయాల మచ్చలు కనిపిస్తే మాంకోజెబ్ మందు లీటరు నీటికి 2.5 గ్రాములు చాలు.

చేతులకు తొడుగులు, ముఖానికి గుడ్డ లేకుండా, గాలికి ఎదురుగా మందు కొట్టావని వింటే మాత్రం నిన్ను తిట్టకుండా ఉండను బిడ్డా. పంట పోతే మళ్లీ వేసుకుందాం. రోగమేదో తెలియకపోతే మొక్కను కవరులో పెట్టి కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించు.

నారు పోయకముందే, కౌలుదారు గడిచిన మూడేళ్లు ఆ చెల్కలో ఏమేమి పండించాడో అడిగి నాకు తెలియజేయి. వాటిలో మిరపో వంకాయో ఉంటే, ఈసారి టమాటను నీళ్లు ముందుగా అందే పై మడికి మారుద్దాం.

మీ మామ