ఐసీయూ బాధ్యత చేపట్టబోతున్న మేనకోడలికి

చి. శ్రావణికి,

మేనమామ ఆశీస్సులు. వచ్చే నెల నుంచి ఐసీయూ బాధ్యత నీకు అప్పగిస్తున్నారని అక్కయ్య ఫోనులో చెప్పింది. అక్కడ నిన్ను ఎక్కువగా సతాయించేది, రోగులు ఆసుపత్రిలో చేరి 48 గంటలు దాటిన తరువాత మొదలయ్యే న్యుమోనియా.

వెంటిలేటర్ మీద ఉన్నవారు, వయసు మళ్ళినవారు, సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై ఉండే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవారు, పక్షవాతంతో మింగలేనివారు, పొట్ట పైభాగాన ఆపరేషన్ అయి నొప్పితో గట్టిగా దగ్గలేనివారు రౌండ్స్‌లో నీ కంట ముందుగా పడాలి. వీటికి తోడు అవసరం తీరినా ఆపని మత్తు ఇంజెక్షన్, తీయడం మరచిన ముక్కు గొట్టం, అలవాటుగా రాసేసే పాంటోప్రజోల్ అనే ఎసిడిటీ మందు మనం చేజేతులా కలిపే ప్రమాదాలు. మంచం తలవైపు 30 డిగ్రీలు ఎత్తినట్టు కేస్ షీట్‌లో రాసే ఉంటుంది; దుప్పటి తొలగించి చూస్తే రోగి కిందికి జారిపోయి, మెడ మాత్రం వంగి, ఛాతీ బల్లపరుపుగా ఉంటుంది. వార్డులోనైతే అదే స్థితిలో, సగం మత్తులో ఉన్న పెద్దాయన నోట్లో ఇంటివారు స్పూనుతో జావ పోస్తుంటారు. వారిని కసరకుండా, పైకి జరిపి కూర్చోబెట్టడం ఎలాగో దగ్గరుండి చూపించు. నోటి శుభ్రతకు క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక ద్రవం మీద వెనుకటి మోజు ఇప్పుడు లేదు. రోజూ బ్రష్‌తో పళ్ళు తోమించడమే మేలు.

ఎక్స్‌రేలో కొత్త మచ్చ ఒక్కటే చూసి మందు మొదలుపెట్టవద్దు, ఎందుకంటే నీరు చేరినా, ఊపిరితిత్తి ముడుచుకుపోయినా అలాగే కనిపిస్తుంది. దానికి జ్వరం, చీములాంటి తెమడ, తెల్లకణాల పెరుగుదల తోడైతే వెంటనే తెమడనూ రక్తాన్నీ కల్చర్‌కు (క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకు) పంపి, రిపోర్టు కోసం ఆగకుండా చికిత్స ప్రారంభించు. డబ్బాలో నురుగు ఉమ్మి మాత్రమే ఉంటే మళ్ళీ తీయించు.

మొదటి మందును మీ ఆసుపత్రి యాంటీబయోగ్రామ్ (ఏ క్రిమి ఏ మందుకు లొంగుతోందో తెలిపే పట్టిక) చూసే ఎంచుకో. మన దేశపు ఐసీయూలలో క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్, సూడోమోనాస్ అనే బాక్టీరియాలదే రాజ్యం. గత 90 రోజులలో సెలైన్ ద్వారా యాంటీబయాటిక్ ఎక్కిందా అని తప్పక అడుగు. చిన్న నర్సింగ్ హోముల నుంచి వచ్చేవారి దగ్గర డిశ్చార్జి కాగితం లేకపోయినా మందుల షాపు బిల్లులు సంచిలో ఉంటాయి, వాటిని చదువు. ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్ రకం మందులకు లొంగని స్టాఫ్ బాక్టీరియా) అయితే వాంకోమైసిన్ గాని లినెజోలిడ్ గాని ఇవ్వాలి. డాప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ పనిచేస్తుందని రిపోర్టులో ఉన్నా, ఊపిరితిత్తుల గాలితిత్తుల లోపలి పూత అయిన సర్ఫాక్టెంట్ దానిని నిర్వీర్యం చేస్తుంది. చివరి అస్త్రంలాంటి కొలిస్టిన్ దాకా వెళ్ళక తప్పకపోతే, అది మూత్రపిండాలను దెబ్బతీయగలదు గనుక, వాటి పనితీరు తెలిపే క్రియాటినిన్ మీద రోజూ కన్నేసి ఉంచు.

అసలు పరీక్ష కల్చర్ రిపోర్టు చేతికొచ్చిన రోజున ఎదురవుతుంది. చిన్న మందుకు లొంగే క్రిమి అని తేలినా, జ్వరం తగ్గుతోంది కదా, మెరోపెనెమ్ (చాలా రకాల క్రిములపై పనిచేసే పెద్ద యాంటీబయాటిక్) నడుస్తున్నట్టే నడవనిద్దామని పక్కవారంతా అంటారు. ఖరీదైన మందు ఆపితే పట్టించుకోవడం మానేశారని బంధువులు అనుమానిస్తారు. నా అనుభవంలో మందు మొదలుపెట్టడానికి కావలసిన ధైర్యం కంటే దానిని తగ్గించడానికి కావలసిన ధైర్యమే ఎక్కువ. అయినా ఆ రోజే తగ్గించు, బంధువులకు కారణం నీవే వివరించు. కోలుకుంటున్న రోగికి సాధారణంగా 7 రోజులు చాలునని 2016 నాటి అమెరికన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందువల్ల ఆపవలసిన తేదీని మొదటి రోజే కేస్ షీట్ మీద రాసి పెట్టు. ఆ తేదీని నిన్ను అడగకుండా ఎవరూ పొడిగించకూడదని రాత్రి డ్యూటీ వారికి ముందే చెప్పు.

ఇట్లు,
మామయ్య