నాలుగెకరాలకి ఏ మినీ ట్రాక్టర్ తీసుకోవాలి?

అన్నా, పాకాల దగ్గర మూడెకరాల మామిడి తోపు, ఎకరా టమోటా ఉందన్నారు, 24 హెచ్‌పీ చాలా, 35 కావాలా అని అడిగారు. మేం చంద్రగిరి వైపు తోపులో మినీ ట్రాక్టర్‌తోనే సేద్యం చేస్తున్నాం. నన్నడిగితే 24 చాలు, కానీ ఫోర్ వీల్ డ్రైవే తీసుకోండి.

ముందు తోపులోకి వెళ్లి కొమ్మలు ఎంత కిందికి దిగాయో చూడండి. ముదురు బెంగళూరా రకం మామిడి చెట్ల కింద పెద్ద ట్రాక్టర్ తిరగదు. సైలెన్సర్ పైకి ఉన్న బండైతే కొమ్మలకు తగిలి పిందెలు రాలుతాయి. బండి ఎత్తు, సైలెన్సర్ ఎటుందో చూశాకే ధర మాట్లాడండి.

ఇంజిన్ హెచ్‌పీ ఒక్కటే చూడకండి. మట్టిని గుల్ల చేసే రొటావేటర్‌ని, మందు కొట్టే స్ప్రేయర్‌ని తిప్పేది పీటీవో, అంటే ట్రాక్టర్ వెనక తిరిగే షాఫ్ట్. మహీంద్రా జీవో 245, కుబోటా నియోస్టార్ బీ2441 రెండూ 24 హెచ్‌పీ బండ్లే. పీటీవో దగ్గర మాత్రం కంపెనీలు చెప్పే లెక్క మొదటిదానికి 22, రెండోదానికి 17.4. పూత మీద తేనెమంచు పురుగుకి మందు కొట్టేటప్పుడు ఈ పవరే పనికొస్తుంది. పీటీవో షాఫ్ట్‌కి కవర్ లేకుండా మాత్రం నడపకండి. లుంగీ చుట్టుకుందంటే ప్రాణం మీదికొస్తుంది.

రొటావేటర్ వెనక టైర్ల బయటి అంచుల కంటే కాస్త వెడల్పుండాలి. లేకపోతే టైరు తొక్కిన జాడ గట్టిగా అలాగే మిగిలిపోతుంది. చెట్టు నీడలో పైపైనే తిప్పండి, మామిడి పీచువేర్లు పైమట్టిలోనే ఉంటాయి.

టమోటా నాటాక సాళ్లలోకి ఈ బండి పోదు, దానికి కలుపు తీసే చిన్న యంత్రం, పవర్ వీడర్ చూసుకోండి. వేసవిలో లోతు దుక్కికి పెద్ద ట్రాక్టర్ బాడుగకు పిలవండి. ఏడాదికోసారి చేసే పనికోసం 35 హెచ్‌పీ కొని అప్పు మోయడం నాకు నచ్చదు. కాయలు నింపిన ట్రైలర్‌ని చిన్న బండికి కట్టి దిగుడు రోడ్డు మీద తోలడం కూడా వద్దు, వెనక బరువు బండిని ముందుకు నెట్టేస్తుంది.

డీలర్‌ని డెమో మీ తోపులోనే ఇమ్మనండి, అదీ రొటావేటర్ తగిలించి, వానపడిన మర్నాడు. సెకండ్ హ్యాండ్ అయితే రొటావేటర్ పైకెత్తి ఇంజిన్ ఆపి, దూరంగా నిలబడి చూడండి. కాసేపటికే కిందికి జారిపోతుంటే హైడ్రాలిక్‌కి పని ఉందని అర్థం, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.