పాడుబడిన ఆసుపత్రిలో వెలుతురు

ప్రశ్న: పాడుబడిన ఆసుపత్రుల్లో ఫొటోలు తీయడం నాకు ఇష్టం. పెచ్చులూడిన గోడలు, తుప్పుపట్టిన మంచాలు నాకు అందంగానే కనిపిస్తాయి. రోగులు బాధపడిన చోట అందం వెతకడం తగదని మిత్రులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: అందంగా కనిపించడంలో తప్పేమీ లేదు, అయితే ఆ అందమంతా శిథిలావస్థ వల్లే వచ్చిందని భావిస్తే, చూడవలసిన దానిలో సగం మీ కంట పడదు. బెర్లిన్ సమీపంలోని బీలిట్స్ క్షయ చికిత్సాలయాన్ని తీసుకోండి. 1898లో దాని నిర్మాణం మొదలైన నాటికి క్షయకు మందు లేదు. ఎండ, గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే చికిత్స కావడం వల్ల అటువంటి చికిత్సాలయాలను పెద్ద కిటికీలతో, రోగులు పగలు గంటల తరబడి పడుకునే వరండాలతో కట్టేవారు. ఈనాడు ఫొటోగ్రాఫర్లు ముచ్చటపడే ఆ ఏటవాలు వెలుతురు ఒకప్పుడు వైద్యుడు రాసిచ్చిన మందు. 1943లో క్షయను నయం చేసే స్ట్రెప్టోమైసిన్ అనే మందును కనుగొన్న తరువాతి దశాబ్దాల్లో, మందులతోనే రోగం నయం కావడం వల్ల ఆ చికిత్సాలయాలు ఎన్నో మూతపడ్డాయి. అంటే వాటిని ఖాళీ చేయించింది చాలాచోట్ల రోగుల విషాదం కాదు, వారు కోలుకోవడమే. (బీలిట్స్ కథ కొంత వేరు: 1945 నుంచి అది సోవియట్ సైనిక ఆసుపత్రిగా నడిచి, 1990ల్లో ఆ సైన్యం వెళ్లిపోయాక బోసిపోయింది.)

కాబట్టి ముందు కిటికీని చూసి, ఆ తరువాతే గోడను చూడండి. ఫ్లాష్ వాడకుండా, కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచండి. మూలల్లోని చీకటినంతా చెరిపేసే ఎడిటింగ్ నాకు నచ్చదు. చక్రాల కుర్చీని లాక్కొచ్చి వెలుతురులో నిలపడం, దానిలో ఒక విరిగిన బొమ్మను కూర్చోబెట్టడం (ఇన్ని ఆసుపత్రుల్లో ఇన్ని బొమ్మలు ఎలా దొరుకుతున్నాయో!) అక్కడ జరగని బాధను కల్పించడమే, మీ మిత్రుల అభ్యంతరం నిజంగా వర్తించేది అక్కడ. పేర్లు కనిపించే కేస్ షీట్లను, ఎక్స్‌రేలను కూడా వదిలేయండి. ఆసుపత్రి మూతపడినంత మాత్రాన రోగి గోప్యత రద్దు కాదు.

యజమాని అనుమతి లేకుండా లోపలికి వెళ్లవద్దు. పాత రంగు పెచ్చుల్లో సీసం, పైకప్పుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక మంచి మాస్కు తప్పనిసరి. యంత్రాలను మాత్రం అసలు ముట్టుకోవద్దు: 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో, వదిలేసిన రేడియోథెరపీ క్లినిక్ నుంచి ఎత్తుకెళ్లిన పరికరంలోని సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం బయటపడి 249 మంది దాని బారిన పడ్డారు, నలుగురు మరణించారు.