‘ఊపిరి ఆడట్లేదు, ఇక్కడే పోతానేమో’ – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా వయసు 34. రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేస్తున్నాను. పోయిన వేసవిలో కాకినాడ వెళ్లే బస్సులో కూర్చుని ఉండగా ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకుంది. ఊపిరి ఆడలేదు, చేతివేళ్లు, మూతి చుట్టూ తిమ్మిర్లెక్కాయి, ఇక ఇక్కడే పోతానేమో అనిపించి బస్సు ఆపించి దిగిపోయాను. ఆస్పత్రిలో ఈసీజీ, ఎకో అన్నీ తీశారు. గుండెకేమీ లేదు, గ్యాస్ అయ్యుంటుంది, టెన్షన్ పడకండి అని పంపేశారు. ఆ తర్వాత చాలాసార్లు వచ్చింది. ఇప్పుడు బస్సెక్కను. మా వారు తోడు లేకుండా బజారుకు కూడా వెళ్లను. బ్యాగులో గ్యాస్ మాత్ర, నీళ్ల సీసా లేనిదే గుమ్మం దాటను. మా అత్తగారు దిష్టి తీశారు, తాయెత్తు కూడా కట్టించారు. నాకు పిచ్చి పడుతోందా? అది వచ్చినప్పుడు ఏం చేయాలి? (పేరు వద్దన్నారు)

జవాబు: పిచ్చి పట్టడం లేదమ్మా. మీరు రాసినదాన్ని బట్టి ఇది పానిక్ అటాక్‌లా ఉంది. అచ్చం ఇవే మాటలు చాలామంది నోట విన్నాను. ‘గ్యాస్’ అని పంపేసేవాళ్ల మీద నాకు కోపం ఎందుకంటే, ఆ ఒక్క మాటతో మనిషి నెలల తరబడి గ్యాస్ మాత్రలు మింగుతూ అసలు వైద్యానికి దూరమైపోతుంది.

ఆ రోజు బస్సులో మీ ఒంట్లో ఏం జరిగిందో ముందు చెప్తాను, ఎందుకంటే సగం భయం అది తెలియకపోవడం వల్లే. ప్రమాదం వచ్చిందని మెదడు పొరపాటున గంట కొడితే అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఒళ్లు చెమటలు పడుతుంది, కడుపులో దేవినట్టు ఉంటుంది, ఊపిరి గబగబా తీస్తాం. ఆడట్లేదు అనిపిస్తుంది గానీ నిజానికి అప్పుడు మామూలు కంటే ఎక్కువే పీలుస్తుంటాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. మూతి చుట్టూ, వేళ్లలో తిమ్మిర్లు, తల తేలిపోతున్నట్టు ఉండటం అందువల్లే. ఈ దాడి సాధారణంగా పది నిమిషాల్లోపే పతాక స్థాయికి చేరి, ఆ తర్వాత తనంతట తనే దిగిపోతుంది, ఎక్కువమందిలో అరగంట లోపే. మీరు బస్సు దిగినా దిగకపోయినా దిగేదే. కానీ మీరు దిగారు, కాసేపటికి తగ్గింది, ‘దిగాను కాబట్టే బతికాను’ అని మెదడు రాసిపెట్టుకుంది. మీ కష్టం మొత్తానికి మూలం ఆ రాతే. బస్సు తర్వాత బజారు, బజారు తర్వాత గుమ్మం. తప్పించుకున్న కొద్దీ భయానికి చోటు పెరుగుతూ పోతుంది.

దడ మొదలైనప్పుడు అందరూ చెప్పే మాట ‘గట్టిగా ఊపిరి పీల్చుకో’. అలా చేస్తే తిమ్మిర్లు ఇంకా పెరుగుతాయి. మీరు చేయాల్సింది నెమ్మదిగా వదలడం. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ముక్కుతో మెల్లగా నాలుగు లెక్కపెడుతూ పీల్చి, వేడి టీ ఊదినట్టు పెదవులు చుట్టి ఆరు లెక్కపెడుతూ వదలండి. భుజాలు లేవకూడదు, పొట్ట మాత్రమే కదలాలి. నాలుగైదు నిమిషాలు చేయండి. దీన్ని దడ వచ్చిన రోజు కొత్తగా మొదలుపెడితే కుదరదు, రోజూ పొద్దున, రాత్రి పడుకునే ముందు మామూలుగా ఉన్నప్పుడే అలవాటు చేసుకోవాలి. కాగితం సంచిలోకి ఊపిరి వదిలే పాత పద్ధతి జోలికి పోకండి, ఆస్తమా లాంటివి ఉన్నవాళ్లకు అది ప్రమాదం. ప్రాణాయామం చేసే అలవాటుంటే భ్రామరి, నాడీశోధన లాంటి నెమ్మదైనవి చేయండి. వేగంగా చేసే భస్త్రిక, కపాలభాతి మీలాంటివాళ్లకు మొదట్లో దడ తెప్పించవచ్చు, ప్రస్తుతానికి వాటిని పక్కనపెట్టండి.

ఊపిరితో పాటు ధ్యాసను లోపల్నుంచి బయటికి తేవాలి. బస్సులో ఉన్నారనుకోండి, కనిపించే ఐదు వస్తువుల పేర్లు మనసులో అనుకోండి: కండక్టర్ చేతిలో టికెట్ మిషన్, డ్రైవర్ ముందున్న అమ్మవారి ఫొటోకి వేసిన చామంతి దండ, ముందు సీటు వెనక ఎవరో గీకిన పేర్లు... తర్వాత చేతికి తగిలేవి నాలుగు, కిటికీ కమ్మీ చల్లదనం, సీటు రెక్సిన్ చిరుగు. వినిపించేవి మూడు, వాసనలు రెండు, నోట్లో రుచి ఒకటి. చదువుతుంటే చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ, చుట్టూ ఉన్నవి ఇంత వివరంగా చూస్తున్న మనసుకు గుండె చప్పుడు లెక్కపెట్టే తీరిక తగ్గుతుంది. మీలో మీరు ‘ఇది పానిక్, ముందూ వచ్చింది, ముందూ తగ్గింది, ఇప్పుడూ తగ్గుతుంది’ అనుకోండి. తగ్గాలి తగ్గాలి అని దాంతో కుస్తీ పట్టకండి, ఉండనివ్వండి.

ఇదంతా ఆ పూట గడవడానికి. అసలు వైద్యం మళ్లీ బస్సెక్కడం, ఒక్కసారే కాకినాడ దాకా అనడం లేదు. మొదట మీ వారితో బస్టాండుకు వెళ్లి అరగంట కూర్చోండి. అది తేలికయ్యాక ఇద్దరూ మోరంపూడి జంక్షన్‌లో ఎక్కి వేమగిరిలో దిగండి. తర్వాత ఆయన వెనక సీట్లో, మీరు ముందు సీట్లో. తర్వాత మీరొక్కరే, ఆయన వేమగిరిలో బండి మీద ఎదురుచూస్తూ. అక్కడ్నుంచి కడియపులంక దాకా, చివర్లో కాకినాడ. ఒక మెట్టు మీద భయం బాగా తగ్గేదాకా ఆ మెట్టునే మళ్లీ మళ్లీ ఎక్కండి, వారానికి నాలుగైదుసార్లన్నా చేస్తేనే ఫలితం. స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది కదా, పల్లెవెలుగులో మీకు టికెట్ ఖర్చు కూడా లేదు. ఒకే ఒక్క షరతు, దడ ఎక్కువైన క్షణంలో దిగిపోకూడదు. అది దిగిన తర్వాత మీరు దిగాలి. గ్యాస్ మాత్రను కూడా ఒకరోజు కావాలనే ఇంట్లో మరిచిపోండి. చేతికి స్మార్ట్‌వాచ్ ఉంటే తీసి బీరువాలో పెట్టండి, నిమిషానికోసారి పల్స్ చూసుకోవడం కూడా భయానికి మేత వేయడమే. రాత్రిపూట ఇంటర్నెట్‌లో రోగలక్షణాలు వెతకడమూ అంతే.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తం తక్కువున్నా, షుగర్ పడిపోయినా ఇలాంటి దడే వస్తుంది, ఆ పరీక్షలు చేయించకపోయి ఉంటే ఒక్కసారి చేయించండి. ఇది చదువుతున్న మిగతావాళ్లు కూడా, మొదటిసారి ఛాతీనొప్పి వస్తే పానిక్ అని మీకు మీరే తేల్చుకోవద్దు. ఛాతీ మీద బండ పెట్టినట్టు బరువు, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, మెట్లెక్కితే పెరగడం, చల్లటి చెమటలు ఉంటే, అందులోనూ బీపీ, షుగర్ ఉన్నవాళ్లయితే వెంటనే 108కి ఫోన్ చేయాలి. పరీక్షలన్నీ అయ్యి గుండెకు ఢోకా లేదని తేలాక మాత్రం ప్రతి దడకీ మళ్లీ ఈసీజీకి పరిగెత్తవద్దు.

నేను రాసింది మీ అంతట మీకు కష్టమనిపిస్తే సైకియాట్రిస్టును, సైకాలజిస్టును కలవండి. ఇదే పద్ధతిని సీబీటీ అనే పేరుతో వారానికోసారి కూర్చోబెట్టి చేయిస్తారు. పానిక్‌కి బాగా పనిచేస్తుందని రుజువైన వైద్యాల్లో ఇదొకటి. అవసరమైతే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి మందులు రాస్తారు. వాటి గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి వారంలో కాస్త ఎక్కువ గాబరాగా కూడా ఉండవచ్చు, అది చూసి మానేయకండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది, డబ్బులు అక్కర్లేదు, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు, దగ్గర్లో ఎవరిని కలవాలో కూడా చెప్తారు.

మీ అత్తగారితో దిష్టి గురించి గొడవ పెట్టుకోకండి. మీ మీద ప్రేమతోనే తీశారు. ఆ ప్రేమకు ఇంకో పని చెప్పండి, పొద్దస్తమానం ‘ఇప్పుడెలా ఉంది, తగ్గిందా’ అని అడగకుండా, వేమగిరి బస్సులో మీ పక్కన కూర్చోమనండి.

ప్రశ్న: వరంగల్‌లో చిన్న దుకాణం నడుపుతాను. వయసు 38. అప్పులున్నాయి. రాత్రయితే గుండెల్లో గుబులు, నిద్ర పట్టదు. రెండేళ్ల కింద మెడికల్ షాపాయన అల్ప్రాజోలం ఇచ్చాడు, మొదట్లో మంచిగ పనిచేసింది. ఇప్పుడు రెండు వేసుకున్నా చాలట్లేదు, ఒకరోజు మానితే చేతులు వణుకుతున్నాయి. ఒక్కోసారి మందు కూడా తాగి పడుకుంటున్నా. నా దోస్తు ‘రేపట్నుంచి అన్నీ బంద్ చెయ్’ అంటున్నాడు. చెయ్యొచ్చా? (పేరు రాయలేదు)

జవాబు: చేయొద్దన్నా. మీ దోస్తు మీ మంచి కోరే చెప్పాడు, కానీ రెండేళ్లుగా వేసుకుంటున్న అల్ప్రాజోలం ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఈ వారంలోనే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లి, రోజుకు ఎన్ని మాత్రలు, మందు ఎంత తాగుతున్నారు అన్నీ దాచకుండా చెప్పండి. ఆయన కొన్ని వారాలో, నెలలో తీసుకుని కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఈలోగా ఈ మాత్ర వేసుకుని మద్యం మాత్రం అస్సలు తాగకండి. రెండూ కలిస్తే నిద్రలోనే ఊపిరి మందగించి పోయే ప్రమాదం ఉంది.

చీటీ లేకుండా ఆ మాత్ర అమ్మకూడదని చట్టం ఉంది. అయినా మన దగ్గర ఎంత సులువుగా దొరుకుతుందో తలచుకుంటే బాధేస్తుంది. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపే మత్తు మందుల్లో ఇదీ ఒకటి. ఆ కల్లు అలవాటైనవాళ్లకు ఒకరోజు దొరక్కపోతే వచ్చే వణుకు, గాబరా మీకు వచ్చినట్టివే. మీకు మాత్ర చాలకపోవడం మీ మనసు బలహీనమై కాదు, ఒళ్లు దానికి అలవాటుపడింది. ఇప్పుడు మాత్ర దిగిపోతున్నప్పుడు వచ్చే గాబరాకే మీరు మళ్లీ మాత్ర వేస్తున్నారు. మద్యం కూడా అంతే, తాగిన పూట నిద్రపుచ్చి తెల్లవారుజామున మూడింటికి గుండె దడతో లేపుతుంది.

అప్పుల ఆలోచనకు మాత్ర లేదు గానీ దానికంటూ ఒక టైం పెట్టుకోవచ్చు. సాయంత్రం దుకాణంలో గిరాకీ తక్కువుండే టైం చూసి ఇరవై నిమిషాలు నోటుబుక్కు ముందేసుకుని, ఎవరికి ఎంత, ఎప్పటికి, రేపు నేను చేయగలిగింది ఏది అని రాయండి. రాత్రి మంచం మీద అదే గుబులు మొదలైతే ‘రేపు సాయంత్రం చూద్దాం’ అని పక్కకు పెట్టండి. మొదటి వారం వినదు, తర్వాత కొంచెం కొంచెం వింటుంది. పొద్దున్నే భద్రకాళి బండ్ మీద అరగంట చెమట పట్టేలా నడవండి. మధ్యాహ్నం నుంచి చాయ్ మానండి. ఇంకోటి, మీ ఇంటావిడకు అప్పుల లెక్క మొత్తం తెలుసా? ఉత్తరంలో ఆమె ప్రస్తావనే లేదు. ఒక్కరే మోయడం మానండి, ఈ రోజే కూర్చుని చెప్పండి. చచ్చిపోదామన్న ఆలోచన ఏ రాత్రైనా వస్తే తెల్లారేదాకా ఆగకండి, ఇంట్లోవాళ్లను లేపండి, 14416కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఎమ్మెస్ పూర్తి చేసి ఉద్యోగం వెతుక్కుంటోంది. అక్కడ అర్ధరాత్రి ఫోన్ చేసి, గుండె ఆగిపోతుందేమో అమ్మా అని ఏడుస్తుంది. ధైర్యంగా ఉండు, నీకోసం ఎంత ఖర్చు పెట్టామో గుర్తు చేసుకో అంటాను. పెట్టేస్తుంది. ఏం మాట్లాడాలి? (ఒక తల్లి, గుంటూరు)

జవాబు: ఖర్చు మాట ఇక ఎత్తకండి తల్లీ. ఆ పిల్లకు అది గుర్తులేక కాదు, అదే గుర్తొచ్చి నిద్ర పట్టక మీకు ఫోన్ చేస్తోంది. ఓపీటీ (చదువయ్యాక అక్కడ కొంతకాలం పనిచేయడానికి ఇచ్చే అనుమతి) మీద ఉంటే మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదన్న నిబంధన ఉంది, అంటే ప్రతి రోజూ ఒక రోజు తరిగిపోతున్నట్టు లెక్క. ఆ భయం ఊహల్లో పుట్టింది కాదు.

ఏడుస్తూ ఫోన్ చేసినప్పుడు సలహాలు వద్దు. ‘నేను లైన్లోనే ఉన్నాను, ఎక్కడికీ పోను’ అనండి. పైన రాసిన ఊపిరి లెక్క మీరు పైకి చెబుతుంటే ఆమెను చేయమనండి, ఇద్దరూ కలిసి చేయండి. తగ్గాక ‘ఏమన్నా తిన్నావా’ అని అడగండి, ఆ ప్రశ్న బాగానే పనిచేస్తుంది. ‘ఇంటర్వ్యూ ఏమైంది’ అన్నది మాత్రం ఆమె చెబితేనే వినండి.

ఛాతీనొప్పి ఉందంటే ఒకసారి అక్కడి డాక్టరుకు చూపించుకోమనండి. యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్ చదువు అయిపోయినవాళ్లను ఇంకా చూస్తుందో లేదో కనుక్కోమనండి, చాలాచోట్ల చూడరు. మనసు తట్టుకోలేకపోతే అమెరికాలో 988 హెల్ప్‌లైన్‌కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, మెసేజ్ కూడా పెట్టొచ్చు, ప్రాణాపాయం అనిపిస్తే 911. తన గదిలో ఉండే అమ్మాయిల్లో ఒకరి నంబరు మీ దగ్గర పెట్టుకోండి, కూతురికి చెప్పే తీసుకోండి. ఆమె తిరిగి వచ్చేసినా మీకు సమ్మతమే అయితే, మీ వారితో ముందు మాట్లాడుకుని, ఆ మాట ఇద్దరూ కలిసి ఆమెకు చెప్పండి: ‘రావాలనిపిస్తే వచ్చెయ్, లోన్ సంగతి మేం చూసుకుంటాం.’ మనస్ఫూర్తిగా అనగలిగితేనే అనండి, ఆ తర్వాత కోపంలో కూడా వెనక్కి తీసుకోకండి.